పాలమూరు ముంబైకి, జగిత్యాల దుబాయ్‌కి ఎందుకు?

తెలంగాణలో వలస అనగానే ముందు గుర్తొచ్చేది పాలమూరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా అక్కడ పాత మహబూబ్‌నగర్ జిల్లా కూలీలు ఉంటారని పేరు. వానలు మొహం చాటేసిన ఏడాది మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ముంబైకో పుణెకో బస్సెక్కడం అక్కడ తరాలుగా సాగింది. ఇంత వలస ఉన్న జిల్లా నుంచి గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు మాత్రం తక్కువ. గల్ఫ్ అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఆర్మూర్, కామారెడ్డి, నిర్మల్. అమెరికా అంటే మొదట కృష్ణా, గుంటూరు జిల్లాలు, తర్వాత హైదరాబాద్, ఆ తర్వాతే మిగతావి. మనుషుల్ని దేశం దాటించేది పేదరికమే అయితే ఈ పటం ఇలా ఉండకూడదు. పాలమూరు, శ్రీకాకుళం ముందు వరసలో ఉండాలి, రెండు పంటలు పండే డెల్టా చివర్లో ఉండాలి.

విదేశాలకు ఎందుకు వెళ్తారంటే మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఇక్కడ బతకలేక అని కొందరు, అక్కడ డబ్బు ఉంది కాబట్టి అని మరికొందరు అంటారు. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ ఒకే రకమైన నేల, ఒకే రకమైన అప్పులు ఉన్న రెండు ఊళ్ళలో ఒకటి సగం ఖాళీ అయి, రెండోది కదలకుండా ఎందుకు ఉందో ఈ జవాబులు చెప్పవు. 2024 నాటి ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం పుట్టిన దేశం వదిలి వేరే దేశంలో ఉంటున్నవాళ్ళు ప్రపంచంలో సుమారు 30 కోట్ల 40 లక్షల మంది. మొత్తం జనాభాలో అది 3.7 శాతం. వందలో తొంభై ఆరు మంది పుట్టిన దేశంలోనే ఉన్నారన్నమాట. దేశాల మధ్య జీతాల తేడా చూస్తే, ఇంత తక్కువ మంది కదిలారేమిటని ఆశ్చర్యపోవాలి.

కష్టం చాలామందికి ఉంటుంది, ఆశ అందరికీ ఉంటుంది. దారి మాత్రం కొందరికే ఉంటుంది. తాకట్టు పెట్టడానికి కాస్త ఆస్తి, ముందే వెళ్ళిన మనిషి, ఆ సమయానికి తెరిచి ఉన్న చట్టం, ఈ మూడూ ఒకచోట కలిసిన ఊళ్ళ నుంచే జనం దేశం దాటుతున్నారు. తెలుగువాళ్ళ వలస చరిత్రను ఎక్కడ తెరిచి చూసినా ఇదే కనిపిస్తుంది.

తాకట్టుకు ఏదో ఒకటి ఉండాలి

బ్రిటన్ జనాభా లెక్కల్ని పరిశీలించి 1885లో రావెన్‌స్టయిన్ అనే భూగోళ శాస్త్రవేత్త వలస గురించి కొన్ని సూత్రాలు చెప్పాడు. ఎక్కువమంది వలసదారులు దగ్గర దూరాలకే వెళ్తారన్నది అందులో మొదటిది. నూట నలభై ఏళ్ళ తర్వాత కూడా అది పాలమూరుకు సరిపోతుంది. ముంబై వెళ్ళడానికి పెట్టుబడి అక్కర్లేదు, మేస్త్రీయే టికెట్టు కొంటాడు. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పరాయి బోట్ల మీద పనిచేసేదీ ఇలాగే. వెళ్ళడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేకపోయినా ఫర్వాలేదు. పని అయ్యాక ఏమీ మిగలదు కూడా, అది వేరే సంగతి.

గల్ఫ్‌కి అలా కుదరదు. పాస్‌పోర్ట్, మెడికల్, ఏజెంటు కమిషన్, టికెట్టు అన్నీ ముందే కట్టాలి. చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద పన్ను మాత్రమే తీసుకోవాలి. ఊళ్ళలో తిరిగే సబ్-ఏజెంటు దగ్గరికి వచ్చేసరికి అది లక్ష అవుతుంది, లక్షన్నర అవుతుంది. ఆ డబ్బు పుట్టాలంటే రెండెకరాల పట్టా పాసుపుస్తకమో, భార్య పుస్తెలతాడో, మాట మీద అప్పిచ్చే బావమరిదో ఉండాలి. ఊళ్ళో అందరికంటే పేదవాడికి ఇవేవీ ఉండవు. అందరికంటే ఉన్నవాడికి వెళ్ళాల్సిన అవసరం లేదు. దుబాయ్ విమానం ఎక్కేది మధ్యలో ఉన్నవాడు.

ప్రపంచవ్యాప్తంగా ఆర్థికవేత్తలు గమనించిందీ ఇదే. పేద దేశంలో ఆదాయం పెరిగితే బయటికి వెళ్ళేవాళ్ళు తగ్గరు, మొదట పెరుగుతారు. కొనుగోలు శక్తి లెక్కన తలసరి ఆదాయం సుమారు పది వేల డాలర్ల దాకా వచ్చాకే ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. భారతదేశం ఇప్పుడు ఇంచుమించు ఆ మలుపు దగ్గర ఉంది. ఉపాధి కల్పించి వలసల్ని ఆపేస్తామని ప్రతి ఎన్నికల్లో వినిపించే హామీ ఎందుకు నిలబడదో దీన్నిబట్టి తెలుస్తుంది. చేతికి కాస్త డబ్బు వచ్చిన కుటుంబం మొదట చేసే పనుల్లో ఒకటి కొడుకును బయటికి పంపడం.

బొంబాయి మీదుగా దుబాయ్

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. లక్షల్లో కూలీలు కావాల్సి వచ్చింది. కేరళ ముందు అందుకుంది. తెలంగాణలో ఉత్తర జిల్లాలే ఎందుకు అందుకున్నాయన్నది ఆసక్తికరమైన ప్రశ్న.

ఒక కారణం బొంబాయి. కరీంనగర్ ప్రాంతపు పద్మశాలీలు చాలాకాలంగా భివండీ, షోలాపూర్, సూరత్ మగ్గాల మీద పనిచేస్తున్నారు. గల్ఫ్ ఏజెంట్ల ఆఫీసులు అప్పట్లో ఉన్నది బొంబాయిలోనే. ఆ నగరంలో అప్పటికే ఒక గది, ఒక బంధువు, కాస్త హిందీ ఉన్నవాడికి పాస్‌పోర్ట్, వీసా సంగతులు ముందు తెలిశాయి. రెండో కారణం నేల. ఇటు బావుల కింద, తర్వాత బోర్ల కింద సాగు చేసే మెట్ట ఎక్కువ. బోరు వేస్తే అప్పు, నీళ్ళు పడకపోతే ఇంకో బోరు, ఇంకో అప్పు. ఆ అప్పు తీర్చడానికి ఏకమొత్తంగా డబ్బు కావాలి, రోజు కూలీతో అది కుదరదు.

మూడో కారణం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్ని ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. రైతుకూలీ సంఘాలు, దొరలు, పోలీసులు, దళాలు, వీటి మధ్య ఊళ్ళు నలిగిన రోజులవి. పొద్దున పోలీసులు, రాత్రి అన్నలు అడుగుతుంటే వయసొచ్చిన కొడుకును ఇంట్లో ఉంచుకోవడం తల్లిదండ్రులకు పెద్ద టెన్షన్. దుబాయ్ పంపిస్తే జీతానికి జీతం, ప్రాణానికి ప్రాణం. ఇలాంటి వలస లెక్కల పుస్తకంలో ఉపాధి కోసం అనే గడిలో పడుతుంది కానీ, కదిలించింది భయం.

మగవాళ్ళు అటు వెళ్తే ఇంటిని నిలబెట్టింది బీడీలు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని వెయ్యి బీడీలకింత అని చుట్టిన కూలీతో నెలనెలా ఇల్లు గడిచింది కాబట్టే, గల్ఫ్ నుంచి డబ్బు ఆలస్యమైనా కుటుంబం తట్టుకుంది. బీడీ ఆదాయం లేని చోట ఆ రిస్కు తీసుకోవడం కష్టం. వెళ్ళినవాడి ధైర్యం గురించి చెప్పేటప్పుడు వెనక ఉన్న ఈ చాట గురించి ఎవరూ చెప్పరు.

ముందు వెళ్ళినవాడు

ఈ సంగతి గల్ఫ్‌తో మొదలవలేదు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి బర్మాకు ఓడలెక్కినవాళ్ళు ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడింది. ఉత్తరాంధ్రలో రంగూన్‌ను రంగం అనేవాళ్ళు. రంగూన్ ఓడరేవులో సరుకు దించే పని, ధాన్యపు మిల్లుల్లో పని మేస్త్రీల చేతిలో ఉండేవి. మేస్త్రీ తన ఊరికి వచ్చి, తన కులంవాళ్ళను, తన చుట్టాలను తీసుకుపోయేవాడు. అందుకే అక్కడ కూడా ఊళ్ళ వారీగానే కూలీలు ఉండేవాళ్ళు. దక్షిణాఫ్రికా వలస వేరే రకం. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. చెరకు తోటలకు ఒప్పందపు కూలీల్ని తీసుకెళ్ళిన మొదటి ఓడ అది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో తెలుగు జిల్లాలవాళ్ళు వేలల్లో వెళ్ళారు.

దారి ఎలా తెరుచుకుంటుందో బర్మా చెబుతుంది, ఎలా మూసుకుంటుందో కూడా చెబుతుంది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని పెట్టారు. సమ్మె ముగిసి పాతవాళ్ళు తిరిగి రాగానే గొడవ మొదలై, వంద మందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు కాలినడకన అడవులు దాటి వచ్చారు. 1962లో సైన్యం అధికారం తీసుకున్నాక మిగిలినవాళ్ళలో చాలామంది వచ్చేశారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అని ఇప్పటికీ ఒక పేట ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో పేదరికం 1962 తర్వాత తగ్గిపోలేదు. రంగం దారి మాత్రం మూతపడింది.

ఇప్పటి ఊళ్ళలోనూ ఇదే జరుగుతోంది. మొదటివాడు వెళ్ళడం పెద్ద సాహసం. రెండోవాడికి అతని గది ఉంటుంది. మూడోవాడికి కంపెనీ ఫోర్‌మన్ పేరు తెలుసు. పదోవాడికి ఆ ఊరి కిరాణా కొట్టు కంటే షార్జా రోడ్లు బాగా తెలిసి ఉంటాయి. కఫీల్ (అక్కడ వీసాకు పూచీ పడే యజమాని) అంటే ఎవరో, అకామా (అక్కడ ఉండటానికి అనుమతి కార్డు) ఎందుకు కావాలో, ఆజాద్ వీసా (ఎక్కడైనా పనిచేసుకోవచ్చని చెప్పి అమ్మే వీసా) పేరుతో ఏం మోసం జరుగుతుందో, కంపెనీ నుంచి కల్లివెల్లి అయితే, అంటే చెప్పకుండా పారిపోతే, ఏమవుతుందో పదో తరగతి తప్పిన కుర్రాడికి కూడా తెలుస్తుంది. ఈ సమాచారం అంతటికీ విలువ ఉంది, అది పాలమూరులో దొరకదు. ఊరికి ఒకరు వెళ్ళి నిలదొక్కుకుంటే మిగతా ఊరికి ఖర్చు తగ్గుతుంది, భయం తగ్గుతుంది. అందుకే వలస జిల్లాల్లో సమానంగా పరుచుకోదు, కొన్ని మండలాల్లో గుత్తులు గుత్తులుగా కాస్తుంది.

డెల్టా నుంచి డెట్రాయిట్ దాకా

అమెరికా కథ చివర్లో కనిపించేది సాఫ్ట్‌వేర్ అయినా, మొదలు మాత్రం కాలువల్లో ఉంది. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద, ఆ తర్వాత మూడేళ్ళకు విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టలు పూర్తయ్యాయి. కొన్ని తరాల్లో డెల్టా రైతుల చేతిలో మిగులు చేరింది. ఆ మిగులు సినిమాల్లోకి, పొగాకులోకి, చిట్‌ఫండ్లలోకి, అన్నిటికంటే ముఖ్యంగా చదువులోకి వెళ్ళింది. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో వచ్చాయి. రైతుబిడ్డలు డాక్టర్లయ్యారు.

అప్పటికి అమెరికా తలుపు దాదాపు మూసే ఉంది. 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా. 1965లో పుట్టిన దేశాన్ని బట్టి వేర్వేరు కోటాలు పెట్టే ఆ పద్ధతిని తీసేశారు. అదే ఏడాది అక్కడ వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే చట్టం రావడంతో డాక్టర్ల కొరత వచ్చింది. చట్టం మారడం, డాక్టర్లు కావలసి రావడం, ఇక్కడ డాక్టర్లు తయారుగా ఉండడం ఒకేసారి జరిగాయి. 1970లలో డెట్రాయిట్, షికాగో ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు కనిపించడం వెనక ఉన్నది అది. ఆ తరంవాళ్ళకు ఇక్కడ తిండికి కొరత లేదు. ఉన్నతమైన శిక్షణ, మంచి ఆసుపత్రి, పైకి ఎదిగే అవకాశం కోసం వెళ్ళారు. ఒక డాక్టరు తమ్ముడిని, ఆ తమ్ముడు బావమరిదిని తీసుకెళ్ళాక కారణం మారిపోయింది. మావాళ్ళంతా అక్కడే ఉన్నారన్నదే కారణమైంది.

తర్వాతి తలుపు 1990లో తెరుచుకుంది. విదేశీ నిపుణులు అమెరికాలో ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్-1బి వీసా ఇప్పటి రూపంలో వచ్చింది అప్పుడే, ఏడాదికి 65 వేల పరిమితితో. 2000 సంవత్సరం తేదీ సమస్యకు పాత ప్రోగ్రాములు సరిచేయడానికి మనుషులు కావాల్సి వచ్చి ఆ పరిమితిని 1999లో 1,15,000కి పెంచారు, తర్వాత 2001 నుంచి 2003 వరకు 1,95,000 దాకా తీసుకెళ్ళారు. ఇక్కడ విజయవాడలో 1977లోనే మొదలైన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల వరస అప్పటికి ఊపందుకుంటోంది. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు మూడు నెలల్లో నేర్పేవాళ్ళు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీల సంఖ్య ఏడు వందలు దాటింది. అంతమందికి ఉద్యోగాలు లేవు. బీటెక్ చదివి పది వేల జీతానికి కూర్చోవడం ఇష్టం లేనివాళ్ళకు అమెరికాలో ఎమ్మెస్ ఒక దారి. అదే 2008లో హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ వచ్చింది, వీసా ఇంటర్వ్యూకి చెన్నై వెళ్ళే పని తప్పింది. చిలుకూరు బాలాజీకి ముందు పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూట ఎనిమిది.

2010, 2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగు, 86 శాతం పెరుగుదల. 2023-24లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో సగానికి పైగా రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళేనని హైదరాబాద్ కాన్సులేట్ అధికారులు చెప్పారు. తమిళనాడు, మహారాష్ట్రల్లో కూడా ఇంజనీర్లున్నారు, కాలేజీలున్నాయి. తేడా తెలివిలో లేదు. ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంట్‌లో డాలస్ ఉంది, ప్రతి కాలేజీలో సీనియర్లున్నారు, ప్రతి సెంటర్లో కన్సల్టెన్సీ ఉంది.

నిర్ణయం ఎవరిది?

వెళ్ళేది ఒక్కరే అయినా నిర్ణయం ఇంటిది. అన్నదమ్ముల్లో ఒకరు వ్యవసాయం, ఒకరు గవర్నమెంటు ఉద్యోగం, ఒకరు విదేశం అన్నట్టు కుటుంబాలు తమ భవిష్యత్తును పంచిపెడతాయి. వాన పడకపోయినా ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం పోయినా డాలర్ ఉంటుంది.

ఆ లెక్కలో ఒక వింత ఉంది. లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకు వడ్డీ 4,500. దుబాయ్‌లో హెల్పర్ జీతం వెయ్యి దిర్హమ్‌లు, అంటే సుమారు 23 వేల రూపాయలు. తిండికి, ఫోనుకు ఏడు వేలు పోతే మిగిలేది 16 వేలు. ఇంటికి ఒక్క రూపాయి ఇవ్వకుండా అంతా అప్పుకే కట్టినా తీరడానికి పదకొండు, పన్నెండు నెలలు. సగం ఇంటి ఖర్చుకి పంపితే రెండేళ్ళు దాటుతుంది. మామూలు కాంట్రాక్టు రెండేళ్ళే. అంటే మొదటి కాంట్రాక్టు మొత్తం వెళ్ళడానికి చేసిన ఖర్చుకే సరి. ఇక్కడ తాపీమేస్త్రీకి నెలంతా పని దొరికితే అంతకు తక్కువేమీ రాదు. మరి ఎందుకు వెళ్తారు?

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే మాట ఒకటుంది, ఇక్కడ సంపాదిస్తే చేతిలో నిలవదని. రోజూ వచ్చే కూలీ రోజూ ఖర్చవుతుంది. పెళ్ళికి, చావుకు, చిట్టీకి, కల్లుకి, చుట్టాల చేబదుళ్ళకి పోతుంది. అక్కడ ఖర్చు పెట్టడానికి మనిషికి ఊరే ఉండదు కాబట్టి జీతం నిలుస్తుంది. ఒక రకంగా తన ఊరి నుంచి తన డబ్బును కాపాడుకోవడానికి దేశం దాటుతున్నాడు. అది ఏకమొత్తంగా వచ్చినప్పుడే ఇల్లు లేస్తుంది, చెల్లెలి పెళ్ళవుతుంది. పక్కింటివాడు స్లాబు వేశాడు. నిన్నటిదాకా ఇద్దరివీ పెంకుటిళ్ళే. ఆదాయం పెరగకపోయినా ఫర్వాలేదేమో కానీ పక్కవాడి కంటే వెనకబడటం భరించడం కష్టం. అమెరికా విషయంలో దీనికి పెళ్ళి సంబంధాల మార్కెట్టు తోడైంది. కొడుకు ఎమ్మెస్ చేస్తున్నాడంటే కట్నం లెక్క మారుతుంది, తల్లిదండ్రులు ఫంక్షన్‌లో కూర్చునే వరస మారుతుంది. వీటిని చిన్న కారణాలని కొట్టిపారేసే విశ్లేషణలు మన ఊళ్ళను చూడని విశ్లేషణలు.

ఆడవాళ్ళు వెళ్ళే దారి

పైన చెప్పిన తాకట్టు సూత్రానికి ఒక మినహాయింపు ఉంది, అది సూత్రాన్ని ఇంకా బలపరుస్తుంది. కడప జిల్లా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల్లో కోనసీమ, నరసాపురం వైపు నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది. వీళ్ళలో దళిత కుటుంబాల వాళ్ళు, కడప వైపు ముస్లిం కుటుంబాల వాళ్ళు ఎక్కువ. ఆస్తి లేని ఇళ్ళు ఇవి. మరి ఎలా వెళ్ళగలిగారు? ఇంటిపని వీసాకు ఖర్చు చాలావరకు అక్కడి యజమానే పెట్టుకుంటాడు. ఏజెంటుకు లాభం అటు నుంచి వస్తుంది. మగవాడిని పంపాలంటే లక్షలు అప్పు చేయాలి, ఆడమనిషిని పంపడానికి అంత అవసరం లేదు. అందుకే నిజంగా పేద ఇంట్లో విదేశానికి వెళ్ళేది తల్లి.

ఆ ఖర్చు వేరే రూపంలో వసూలవుతుంది. డబ్బు పెట్టి తెచ్చుకున్న యజమాని పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకుంటాడు. పనిమనిషి ఉండేది యజమాని ఇంట్లో, ఆమెకు అందే ఫోను యజమాని దయ. పదో తరగతి పాసవని మహిళలు ముప్పై ఏళ్ళు దాటితేనే ఈ పనికి వెళ్ళాలని భారత ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఏజెంట్లు ఆ నిబంధన దాటించడానికి విజిట్ వీసా వాడతారు, అప్పుడు ఆమె పేరు ఏ ప్రభుత్వ జాబితాలోనూ ఉండదు. అయినా వెళ్ళడానికి కారణాలు జీతంతో ఆగవు. తాగొచ్చి కొట్టే భర్త, కూతురి పెళ్ళి, విడిపోయాక పుట్టింట్లో భారమయ్యానన్న బాధ. విడాకుల కాగితం తెచ్చుకోవడం కంటే కువైట్ వీసా తెచ్చుకోవడం సులువైన ఇళ్ళు ఉన్నాయి.

చదువుకున్న అమ్మాయిల విషయంలోనూ ఇలాంటిదే లోపల ఉంటుంది. ఎమ్మెస్ దరఖాస్తులో రాసేది కంప్యూటర్ సైన్స్ మీద ఆసక్తి అని. ఇంట్లో పెళ్ళి మాటలు రెండేళ్ళు వాయిదా పడటం, రాత్రి తొమ్మిదికి ఒంటరిగా బస్సెక్కగలగడం, ఎవరితో మాట్లాడావని అడిగేవాళ్ళు లేకపోవడం ఆ దరఖాస్తులో రాయరు. కులం పేరు అడగని చోటు కోసం వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. అక్కడ తెలుగు సంఘాలు ఏ లెక్కన చీలాయో చూశాక ఆ ఆశ కొంత తగ్గుతుంది.

రెండేళ్ళ కోసం వెళ్ళి

వెళ్ళడానికి ఉన్న కారణాలు వేరు, ఉండిపోవడానికి ఉన్నవి వేరు. శాశ్వతంగా వెళ్తున్నానని చెప్పి బయల్దేరేవాళ్ళు చాలా తక్కువ. గల్ఫ్‌వాళ్ళు రెండేళ్ళంటారు, ఎమ్మెస్‌వాళ్ళు కాస్త సంపాదించుకుని వచ్చేస్తామంటారు.

వెనక్కి రానివ్వని మొదటిది అప్పు. నలభై అయిదు లక్షల విద్యారుణం, 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకు వడ్డీయే 41 వేలు దాటుతుంది. హైదరాబాద్‌లో కొత్తగా చేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతం చాలాచోట్ల అంతకంటే తక్కువ. చదువయ్యాక ఏడాది, సైన్స్, ఇంజనీరింగ్ కోర్సులకైతే ఇంకో రెండేళ్ళు పనిచేయడానికి అనుమతి ఉంటుంది. ఆలోపు హెచ్-1బి లాటరీ తగలాలి. తగలకపోయినా తిరిగి రావడానికి లెక్క కుదరదు కాబట్టి ఇంకో మాస్టర్స్‌లో చేరేవాళ్ళున్నారు. జగిత్యాల కూలీ, గచ్చిబౌలి ఇంజనీరు ఈ ఒక్క విషయంలో ఒకే పరిస్థితిలో ఉన్నారు. ఇద్దరినీ పంపింది అప్పు, ఇద్దరినీ అక్కడ ఆపుతున్నదీ అప్పే.

అప్పు తీరేసరికి పిల్లలు బడికి వెళ్తుంటారు, వాళ్ళకు తెలుగు చదవడం రాదు. ఇటు గ్రీన్‌కార్డ్ క్యూ. ఉద్యోగాల ద్వారా ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదు. హెచ్-1బి ఆమోదాల్లో పదింట ఏడు భారతీయులవే కాబట్టి ఆ క్యూ దశాబ్దాలకు పెరిగింది. క్యూలో ఇన్నేళ్ళు నిలబడ్డాక వదిలేసి రావడం ఇంకా కష్టం. కొంతమంది తల్లిదండ్రుల గ్రీన్‌కార్డ్ రాకముందే పిల్లలకు 21 నిండి, చిన్నప్పటి నుంచి పెరిగిన దేశంలో విదేశీ విద్యార్థులవుతున్నారు.

చివరికి పౌరసత్వం. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు. దేశభక్తి లేదని వీళ్ళను తిట్టడం సులువు. చాలామందికి అది వీసా స్టాంపింగ్ బాధ నుంచి, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దేశం వదలాలన్న భయం నుంచి బయటపడే మార్గం. దానికీ ధర ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చే ఓసీఐ కార్డుతో హైదరాబాద్‌లో ఫ్లాటు కొనుక్కోవచ్చు, ఊళ్ళో సాగు భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే సరే. పొలం అమ్ముకుని చదివించిన తండ్రికి ఆ పొలం తిరిగి కొనిపెట్టే హక్కు అమెరికన్ పాస్‌పోర్ట్ తీసుకున్న కొడుక్కి ఉండదు.

డబ్బు పరంగా కూడా తూకం మారుతోంది. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి దేశానికి వచ్చిన డబ్బు 118.7 బిలియన్ డాలర్లు. అందులో అమెరికా వాటా 27.7 శాతం, గల్ఫ్ దేశాలన్నిటిదీ కలిపి సుమారు 38 శాతం. 2016-17లో గల్ఫ్ వాటా 47 శాతం దాకా ఉండేది.

మలుపు తిరుగుతున్న దారులు

2025 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అంతకుముందే వీసా ఇంటర్వ్యూ స్లాట్లు దొరక్క విద్యార్థుల ప్రయాణాలు తగ్గాయి. ఇక్కడ కాలేజీల నుంచి బయటికి వచ్చేవాళ్ళ సంఖ్యలో, వాళ్ళ అసంతృప్తిలో మార్పేమీ లేదు. అందుకే జర్మన్ భాష ఏ-1, బి-1 స్థాయి క్లాసులకు గిరాకీ పెరిగింది. జర్మనీలోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, ఏడాది ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోగలిగే బ్యాంకు ఖాతాలో) 11,904 యూరోలు చూపిస్తే చాలు. పది లక్షలకు పైనే అయినా, అది అమెరికా అప్పులో నాలుగో వంతు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది.

2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, నిర్మాణ పనులకు భారతీయుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. నెలకు సుమారు లక్షా ముప్పై ఏడు వేల రూపాయల జీతం అని చెప్పారు. 2024లో తెలంగాణలో ఎంపిక పరీక్షలు పెడితే షట్టరింగ్, ఐరన్ బెండింగ్, టైల్స్ పనివాళ్ళు తొమ్మిది వందల మందికి పైగా ఎంపికయ్యారు. ప్రభుత్వం ద్వారా వెళ్ళడం కాబట్టి సబ్-ఏజెంటు కమిషన్ లేదు. పడుతున్న క్షిపణుల గురించి టీవీలో రోజూ చూసినవాళ్ళే వచ్చారు. వాళ్ళలో చాలామంది నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, జగిత్యాల జిల్లాల వాళ్ళు.